స్టేట్ బ్రీఫ్ చేతికొచ్చాక ఆ ఏడు రోజులు ఏం చేస్తారు?

(లైంగిక నేరాల కేసుల్లో నిందితుల తరఫున నిలబడే యువ న్యాయవాదుల శిక్షణలో ఒక సీనియర్ డిఫెన్స్ న్యాయవాది చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు దయచేసి ముందుకి రండి, ఈ మైకు మధ్యమధ్యలో మొరాయిస్తోంది.

నిందితుడికి కూడా హక్కులుంటాయని ఇవాళ నేను ఉపన్యాసం ఇవ్వను. రాజ్యాంగంలోని 22వ అధికరణం, 39ఎ, అవన్నీ మీరు చదివే వచ్చారు. ఇవాళ పని గురించి మాట్లాడుకుందాం. పోక్సో కేసో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద కేసో, రేప్ కేసో స్టేట్ బ్రీఫ్‌గా, అంటే లాయరుని పెట్టుకోలేని నిందితుడికి ప్రభుత్వ ఖర్చుతో మిమ్మల్ని నియమించిన కేసుగా, మీ చేతికొచ్చింది. కట్ట విప్పారు. తర్వాత? తర్వాత ఏం చేస్తారు?

అయినా ఒక్క ప్రశ్న దాటి ముందుకు పోలేం, ఎందుకంటే అది ఇంట్లోనే ఎదురవుతుంది. "అలాంటివాడి తరఫున ఎలా నిలబడతావురా?" అని మీ అమ్మగారే అడుగుతారు. జవాబు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో ఉంది, క్లయింటు పట్ల బాధ్యతలున్న చోట, 15వ రూలు. నేరం చేశాడా లేదా అన్న మీ సొంత అభిప్రాయంతో నిమిత్తం లేకుండా వాదించాలి, సరిపడా సాక్ష్యం లేకుండా ఏ మనిషికీ శిక్ష పడకూడదనే చట్టానికే మీ విధేయత, అంటుంది. ఫలానా నిందితుడికి ఎవరూ వకాల్తా వేయకూడదని బార్ అసోసియేషన్ తీర్మానం చేస్తే అది చెల్లదని సుప్రీంకోర్టు 2010లోనే మహమ్మద్ రఫీ కేసులో చెప్పింది. చెప్పింది సరే, ఆగిందా?

2019 సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య, ఆ ఘోరం జరిగింది. నలుగురిని పట్టుకున్నారు. వాళ్ల తరఫున నిలబడబోమని స్థానిక న్యాయవాదులు ప్రకటించారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తర్వాత జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ విచారణ జరిపింది. 2022లో బయటికొచ్చిన ఆ నివేదిక, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లేనని చెప్పింది. మైనరైతే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకి పోవాల్సిన కేసు. ఆ మాట మొదటి రిమాండు రోజున ఎవరు ఎత్తాలి? డిఫెన్స్ లాయరు ఎత్తాలి. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే పదో తరగతి మెమో ఎవరడుగుతారు?

సరే, కుర్చీలో మనిషి ఉన్నాడు. అది చాలా? చాలదని చెప్పిన కేసు ఇంకొకటి ఉంది, మధ్యప్రదేశ్‌లోని ఖాండ్వాది. చిన్న పాపపై అత్యాచారం, హత్య. 2013 ఫిబ్రవరి 19న నిందితుడికి లాయరుని నియమించారు, అదే రోజు ఛార్జి ఫ్రేమ్ చేశారు, అంటే ఏ నేరాలకి విచారించాలో ఖరారు చేశారు. మార్చి 4న ఉరిశిక్ష. పద్నాలుగు రోజులు కూడా లేవు చూడండి. 2019లో సుప్రీంకోర్టు ఆ శిక్షని కొట్టేసి మళ్లీ విచారించమంది. అదే అనోఖీలాల్ తీర్పు. యావజ్జీవమో ఉరో పడే అవకాశమున్న కేసుల్లో పదేళ్ల ప్రాక్టీసున్నవాళ్లనే పెట్టండి, సిద్ధమవడానికి కనీసం ఏడు రోజులైనా ఇవ్వండి అని చెప్పింది. ఆ మనిషిని చివరికి 2024లో కింది కోర్టు నిర్దోషిగా వదిలింది. పదకొండేళ్లు! ఆ పదకొండేళ్లూ అతను ఒక్కడే నష్టపోయాడా? పాపని పోగొట్టుకున్న ఇంటికి పదకొండేళ్ల తర్వాత కూడా జవాబు దొరకలేదు. మొదటిసారే ఆ లాయరుకి సరైన టైము ఇచ్చి, ఆయన సరిగ్గా ప్రశ్నలు వేసి ఉంటే... నేను చెప్పదలచింది అదే. డిఫెన్స్ బలహీనంగా ఉంటే ఆ నష్టం నిందితుడితో ఆగదు, బాధితురాలి ఇంటిదాకా పోతుంది.

కాబట్టి ఏడు రోజులు అడగండి. సిగ్గుపడకండి. మెమో వేసి, అంటే రాతపూర్వకంగా, అడగండి, కోర్టు డాకెట్‌లో, అంటే రోజువారీ నమోదులో, ఎక్కేలా చూడండి. ఇక ఆ ఏడు రోజుల పని.

మొదట జైలుకి వెళ్లండి. కోర్టు వరండాలో, ఎస్కార్టు కానిస్టేబుల్ పక్కన నిలబడి ఉండగా మాట్లాడేది ఇంటర్వ్యూ కాదు. ములాఖత్ తీసుకుని విడిగా కూర్చోండి. మీకు చెప్పింది బయటికి పోదని, సాక్ష్య అధినియం, అంటే కొత్త సాక్ష్య చట్టం, 132వ సెక్షను దాన్ని కాపాడుతుందని అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. "చేశావా?" అని మొదలుపెట్టకండి. పుట్టిన తేదీ, ఏ బడి, ఎప్పుడు పట్టుకున్నారు, ఎక్కడ పట్టుకున్నారు, ఎన్ని రోజులకి మేజిస్ట్రేటు ముందు పెట్టారు, ఎందుకు అరెస్టు చేస్తున్నారో కాగితం ఇచ్చారా, ఫోను ఎవరి దగ్గరుంది, రక్తం ఎప్పుడు తీశారు. ముందు ఇవి. అరెస్టు కారణాలు అతనికి అందేలా చెప్పకపోతే ఆ అరెస్టే చెల్లదని 2025లో విహాన్ కుమార్ తీర్పు చెప్పింది. మరి రిమాండు రిపోర్టుతో పాటు ఆ కాగితం ఉందో లేదో ఎంతమంది చూస్తున్నారు?

"నేనే చేశాను సార్" అంటే? అంటారు, అప్పుడప్పుడూ అంటారు. అప్పుడు ఊళ్లో లేడని అబద్ధపు సాక్షిని మీరు ఎక్కించలేరు. కానీ ప్రాసిక్యూషన్ తన కేసు తాను రుజువు చేసుకోవాల్సిందే, ఆ రుజువుని మీరు పరీక్షించవచ్చు. అంతవరకే. అది దాటమని కుటుంబం పట్టుబడితే బ్రీఫ్ వదిలేయండి.

కుటుంబం అంటే గుర్తొచ్చింది. పెద్దమనుషుల్ని పంపిస్తాం, రాజీ చేసుకుంటాం, పెళ్లి చేసేస్తాం అని మీ ఆఫీసుకి వస్తారు. రేప్ కేసుకి రాజీ లేదు. 2012 గ్యాన్ సింగ్ తీర్పు నుంచీ అదే మాట. పోక్సో కేసుని రాజీ పేరుతో హైకోర్టు కొట్టేయకూడదని 2024లో రాంజీలాల్ బైర్వా తీర్పు మళ్లీ చెప్పింది. బాధితురాలి ఇంటికి ఒక్కరు వెళ్లినా అది సాక్షుల్ని బెదిరించడం కిందికి పోతుంది, బెయిలు కూడా పోతుంది. మొదటి రోజే కుటుంబాన్ని కూర్చోబెట్టి గట్టిగా చెప్పండి.

బెయిలు గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. చార్జిషీటు గడువులోగా రాకపోతే బెయిలు హక్కవుతుంది. ఆ గడువు కనీస శిక్ష పదేళ్లున్న సెక్షనైతే 90 రోజులు, తక్కువ శిక్షున్న పోక్సో 8వ సెక్షను లాంటివైతే 60. రిమాండు రోజుని కూడా లెక్కలో కలపాలి. జులై 1న రిమాండు చేస్తే సెప్టెంబరు 28కి 90 నిండాయి. 29 ఉదయం చార్జిషీటు రాలేదంటే పది గంటలకల్లా పిటిషను కోర్టులో ఉండాలి. మధ్యాహ్నం వేద్దామనుకుంటే ఈలోపు చార్జిషీటు వచ్చేస్తుంది, హక్కు పోతుంది. పదహారేళ్లలోపు బాలికపై రేప్ కేసులో బెయిలు వాదనప్పుడు ఫిర్యాదుదారు తరఫువాళ్లు ఉండాలని చట్టంలోనే ఉంది. నోటీసు వెళ్లిందో లేదో మీరే చూసుకోండి, లేకపోతే వచ్చిన బెయిలు నిలవదు.

తేదీల కాగితం

ఇప్పుడు అసలు పని. చార్జిషీటు కాపీలు వచ్చాయి. చాలామంది చార్జిషీటు కథనం చదివి ఆగిపోతారు. అది ఐఓ, అంటే దర్యాప్తు అధికారి, రాసిన కథ. దాన్ని పక్కన పెట్టండి. తెల్ల కాగితం తీసుకుని నిలువుగా గీతలు గీయండి. ఘటన ఎప్పుడు. ఫిర్యాదు ఏ గంటకి. ఎఫ్ఐఆర్ ఏ గంటకి, ఎక్స్‌ప్రెస్ ఎఫ్ఐఆర్, అంటే వెంటనే పంపే కాపీ, మేజిస్ట్రేటుకి ఏ గంటకి చేరింది, ఆయన సంతకం కింద టైము చూడండి. ఆస్పత్రిలో పరీక్ష మొదలైన టైము, ముగిసిన టైము, రెండూ రాయాలని నాగరిక్ సురక్షా సంహిత, అంటే కొత్త సీఆర్‌పీసీ, 184వ సెక్షను అంటుంది. మేజిస్ట్రేటు ముందు 183 స్టేట్‌మెంటు, అంటే పాత 164, ఏ రోజు. బట్టలు సీజ్ చేసిన మధ్యవర్తుల నివేదిక, అంటే పంచనామా, ఏ రోజు. ఎఫ్ఎస్ఎల్‌కి, అంటే ఫోరెన్సిక్ ల్యాబుకి, ఎప్పుడు పంపారు, అక్కడ ఎప్పుడు తీసుకున్నారు, రిపోర్టు ఎప్పుడొచ్చింది.

ఈ కాగితం ఎందుకంటే, కేసు ఎక్కడ వదులుగా ఉందో కథలో కనపడదు, తేదీల మధ్య ఖాళీల్లో కనపడుతుంది. ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసే తీసుకోండి. 2022లో సుప్రీంకోర్టు ఉరిశిక్ష పడిన ముగ్గురినీ వదిలేసింది. ఒక కారణమేమిటి? 2012 ఫిబ్రవరి 14న, 16న తీసుకున్న శాంపిళ్లు 27న ల్యాబుకి వెళ్లాయి. ఈ మధ్యలో ఎక్కడున్నాయి? పోలీసు మాల్‌ఖానాలో, అంటే స్టేషన్లో జప్తు వస్తువులు పెట్టే గదిలో. మధ్యలో తారుమారు కాలేదని ఎవరైనా చెప్పారా? ఎవరూ చెప్పలేదు. ఇంకో సంగతి కూడా ఆ తీర్పే రాసింది. 49 మంది సాక్షుల్లో 10 మంది ముఖ్యమైన సాక్షుల్ని డిఫెన్స్ అసలు క్రాస్ చెయ్యలేదట, అంటే ఎదురు ప్రశ్నలు వేయలేదట! డిపోజిషన్, అంటే కోర్టులో సాక్షి వాంగ్మూలం, కింద "క్రాస్ నిల్, అవకాశం ఇవ్వబడినది" అని టైపు చేసి ఉంటుంది చూడండి, అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నిల్ అన్న ఒక్క ముక్కతో ఆ సాక్షి చెప్పిందంతా ఒప్పుకున్నట్టే అవుతుంది.

ఆలస్యం గురించి ఒక హెచ్చరిక. ఫిర్యాదు మూడు రోజులు ఆలస్యమైందని వాదన మొత్తం దానిమీదే కట్టకండి. ఇలాంటి కేసుల్లో పరువనీ, భయమనీ ఆలస్యం సహజమేనని కోర్టులు ఎప్పటినుంచో అంటున్నాయి, నిజం కూడా అదే. ఆ మూడు రోజుల్లో కథ మారిందా? అది చూడండి. ఫిర్యాదులో ఏముంది, పోలీసు స్టేట్‌మెంటులో ఏముంది, డాక్టరుకి చెప్పిందని కేస్ షీటులో ఏం రాశారు, భరోసా సెంటర్లో, అంటే బాధితులకి సాయం చేసే పోలీసు కేంద్రంలో, ఏం చెప్పింది, మేజిస్ట్రేటుకి ఏం చెప్పింది. పక్కపక్కనే పెట్టి చదవండి. చిన్నాచితకా తేడాలుంటాయి, ఉండాలి కూడా. అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటేనే అనుమానించాలి. మీకు కావలసింది కేసు ఆయువుపట్టుని తాకే తేడా. ఎవరు, ఎక్కడ, ఏం చేశాడు. ఈ మూడింటిలో తేడా ఉందా?

వయసు, డాక్టరు, ఫోను

పోక్సోలో సగం కేసు వయసే. పద్దెనిమిది లోపైతే ఇష్టమన్న మాటకి విలువే లేదు. వయసు ఎలా తేలుస్తారు? జువైనల్ జస్టిస్ చట్టం 94వ సెక్షను వరస చెబుతోంది. ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతిది. అది లేకపోతే పంచాయతీదో మున్సిపాలిటీదో. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష, దాంట్లో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉంటుంది. పోలీసులు చాలాసార్లు టీసీ ఒకటి పెట్టి వదిలేస్తారు. టీసీ ఆ సెక్షనులో చెప్పిన సర్టిఫికెట్ కాదని 2023లో యువప్రకాష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హెడ్‌మాస్టరు బోనెక్కినప్పుడు అడగండి. అడ్మిషన్ రిజిస్టరు తెచ్చారా? ఈ తేదీ ఎవరు చెప్పారు? ఏ కాగితం చూసి రాశారు? మన ఊళ్లలో ఒకటో తరగతిలో వేసేటప్పుడు జూన్‌కి సరిపడేలా తేదీ ఎలా రాస్తారో మీకు నేను చెప్పాలా?

ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. వయసు మీద పోరాడుతూ, అదే నోటితో "నువ్వు ఇష్టపడే అతనితో వెళ్లావు" అని సజెషన్ వేస్తారు, అంటే మీ వాదనని సాక్షి ముందు పెడతారు. వేశారా, అతను అక్కడున్నాడని, ఆ పని జరిగిందని మీరే ఒప్పుకున్నట్టు. క్రాస్‌లో డిఫెన్స్ లాయరు వేసిన సజెషన్లని నిందితుడికి వ్యతిరేకంగా వాడుకోవచ్చని 2023లోనే బాలు సుదామ్ ఖల్డే తీర్పులో ఉంది. వయసు పద్దెనిమిది లోపని తేలితే? మీ సజెషనే శిక్ష రాసిపెడుతుంది. పదహారేళ్లలోపైతే రేప్ స్థాయి నేరానికి కనీసం ఇరవై ఏళ్లు, 2019 సవరణ తర్వాత. జడ్జి గారికి తగ్గించే అధికారం కూడా లేదు. కాబట్టి అసలు జరగలేదు, జరిగినా ఇష్టంతోనే, ఆ అమ్మాయికి పంతొమ్మిది అని మూడూ కలిపి పెట్టకండి. మీ డిఫెన్స్ ఏమిటో మొదటి సాక్షి రాకముందే తేల్చుకోండి. ఒక్కటే.

డాక్టరు. గాయాలు లేవు కాబట్టి జరగలేదు అనే వాదన వదిలేయండి. గాయాలు లేకపోవడం దేన్నీ తేల్చదు. ఇక రెండు వేళ్ల పరీక్ష. 2013లో సుప్రీంకోర్టు తప్పంది, 2022లో ఎవరైనా చేస్తే దుష్ప్రవర్తనగా చూడాలంది. పాత ఫార్మాటులో ఎవరైనా "అలవాటు పడినది", అంటే లైంగిక సంబంధాలకి, అని రాసుంటే, దాన్ని పట్టుకుని మీరు ప్రశ్న వేయకండి. అలాగే మీ క్లయింటుకి చేసిన పొటెన్సీ, అంటే లైంగిక సామర్థ్య, పరీక్ష. "అసమర్థుడు అనడానికి ఆధారం లేదు" అని రాస్తారు. దాంతో ఏం తేలింది? ఏమీ తేలలేదు, ఒక పేజీ పెరిగింది.

అడగాల్సింది వేరు. ఘటనకి, స్వాబ్ తీసినదానికి మధ్య ఎన్ని గంటలు? కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాలు 96 గంటల దాకా నమూనాలు తీయమంటాయి, 72 దాటాక దొరికే అవకాశం బాగా తగ్గుతుందనీ అంటాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్ ఫోరెన్సిక్ ల్యాబు నుంచి "మానవ వీర్యం కనుగొనబడినది" అని వచ్చింది. సరే, ఎవరిది? డీఎన్ఏ చేశారా? చేస్తే ముడి ఫలితాలు, పట్టిక, వర్క్‌షీట్లు ఇప్పించమని పిటిషను వేయండి. నిపుణుణ్ణి పిలవకుండానే సురక్షా సంహిత 329వ సెక్షను కింద రిపోర్టుని మార్క్ చేసేస్తారు, అంటే సాక్ష్యంగా ఎక్కించేస్తారు, మీరు అడగకపోతే. కోర్టుకి పిలిపించే అధికారం ఉంది, అడగండి.

ఫోను గురించి రెండు మాటలు. పెళ్లి చేసుకుంటానని మోసం చేశాడన్న కేసులు, ఇప్పుడు న్యాయ సంహిత 69వ సెక్షను, వీటిలో మొత్తం ఛాటింగే. మొదటి నుంచీ మోసమా, లేక తర్వాత మాట తప్పాడా? ఈ రెండూ వేరని 2019లో ప్రమోద్ పవార్ కేసు చెప్పింది. దాన్ని తేల్చేది తేదీలతో ఉన్న మెసేజీలే. కుటుంబం ముక్కలుగా స్క్రీన్‌షాట్లు తెస్తుంది. వద్దు. ఫోను అలాగే ఉంచమనండి, ఏదీ డిలీట్ చేయొద్దనండి, ఛాట్ మొత్తం తీయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే, సాక్ష్య అధినియం 63వ సెక్షను సర్టిఫికెట్లో ఇప్పుడు రెండు భాగాలున్నాయి, ఒకటి ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు ఇవ్వాలి, హ్యాష్ వాల్యూ, అంటే ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు, రాయాలి. అది లేకుండా పెట్టిన వంద పేజీల ప్రింటవుటు చిత్తుకాగితం.

బోనులో పాప ఉన్నప్పుడు

పాత సినిమాల్లో చూపించే క్రాస్ మర్చిపోండి. పోక్సో 33వ సెక్షను ప్రకారం మీరు పాపని నేరుగా అడగలేరు. ప్రశ్న జడ్జి గారికి ఇస్తారు, ఆయన అడుగుతారు. దూకుడుగా అడగకూడదు, గుణం మీద బురద చల్లకూడదు. పాపకి నిందితుడు కనపడకూడదు. కానీ అతను వినగలగాలి, మీతో మాట్లాడగలగాలి. తెర వేశాక అతని గొంతు మీకు అందుతుందో లేదో ముందే చూసుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు.

ప్రశ్నలు ముందురోజే తెలుగులో రాసుకోండి. ఒక ప్రశ్నలో ఒకే సంగతి ఉండాలి. "కదా" అని ముగించకండి, పిల్లలు పెద్దవాళ్లకి "ఊ" అనేస్తారు, ఆ "ఊ"కి విలువ ఉండదు. "అంతకుముందు", "తదుపరి" లాంటి మాటలు వద్దు. బడి నుంచి వచ్చాకా, అన్నం తిన్నాకా, అలా అడగండి. వెలుతురుందా, ఇంట్లో ఇంకెవరున్నారు, ముందు ఎవరికి చెప్పావు, వాళ్లేమన్నారు. "మీ అమ్మ నేర్పిందా?" అని సూటిగా అడిగితే లేదంటుంది, దానికి తిరుగు లేదు. అది అడగాల్సింది పాపని కాదు. పాప ఎవరెవరికి ఏ వరసలో చెప్పిందో, ఆ పెద్దవాళ్లందర్నీ అడగండి. నా లెక్కలో పిల్లల క్రాస్ రెండు పేజీలు దాటిందంటే తప్పు ఎక్కడో మొదలైనట్టే.

పెద్దవాళ్ల విషయంలో కూడా గతం, స్నేహాలు, బట్టలు, ఇవేవీ వద్దు. సమ్మతి తేలాల్సిన చోట గత లైంగిక అనుభవం గురించి అడగకూడదని సాక్ష్య అధినియం 149వ సెక్షను కింద ఉంది. చట్టం లేకపోయినా వద్దు. ఎందుకంటారా? బాధితురాలు చెప్పింది నమ్మదగ్గదైతే ఆమె ఒక్కతే చాలని 1996 గుర్మీత్ సింగ్ కేసు నుంచీ ఉంది. జడ్జి గారు తేల్చాల్సింది ఆ మాట నిలుస్తుందా లేదా అని. మీరు ఆమెని అవమానిస్తే ఆయన దృష్టి మీ తేదీల ఖాళీల మీద నుంచి మీ నోటి మీదికి పోతుంది. మీరే మీ కేసుని పాడుచేసుకున్నారు!

ఇప్పుడు ఒమిషన్ సంగతి. ఇది నోట్ చేసుకోండి, వారానికొకసారి ఎవరో ఒకరు తప్పు చేస్తారు. కోర్టులో చెప్పింది పోలీసు స్టేట్‌మెంటులో లేదు. సాక్షిని అడుగుతారు, "ఈ మాట పోలీసులకి చెప్పలేదు". సాక్షి "చెప్పాను" అంటుంది. మనవాడు సంతోషంగా కూర్చుంటాడు. రుజువైందా? కాలేదు! ఐఓ బోనెక్కినప్పుడు "ఆ సాక్షి మీతో ఈ మాట చెప్పలేదు కదా" అని అడిగి, ఆయన నోటితో అవుననిపించాలి. అప్పుడే అది ఒమిషన్. కాంట్రడిక్షన్ అయితే, అంటే రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురైతే, ఆ భాగం సాక్షికి చదివి వినిపించి, మార్క్ చేయించి, ఐఓ ద్వారా ఎక్స్ డి వన్, అంటే డిఫెన్స్ మొదటి ఎగ్జిబిట్, అని ఎక్కించాలి. మొదటి సాక్షికీ ఐఓకీ మధ్య ఆరు నెలలు గడుస్తాయి, మర్చిపోతారు. అందుకే ఫైలు అట్ట లోపల ఒక కాగితం అంటించండి, ఐఓని అడగాల్సినవి అని.

పోక్సోలో 29వ సెక్షను చూసి భయపడతారు, నేరం చేసినట్టే భావించాలని ఉంది కాబట్టి. ఆ భావన ఊరికే రాదు. ముందు ప్రాసిక్యూషన్ పునాది వేయాలి, బాధితురాలు చైల్డ్ అని, ఘటన జరిగిందని. మీ క్రాస్ ఆ పునాది దగ్గరే ఉండాలి.

351 పరీక్షలో, అంటే పాత 313లో, సాక్ష్యాల మీద జడ్జి గారు నిందితుణ్ణే అడిగే చోట, అన్నిటికీ "అబద్ధం" అనిపించకండి. డీఎన్ఏ కలిసిందని అడిగినప్పుడు కూడా అబద్ధమేనా? వివరణ ఉంటే రాతపూర్వకంగా ఇప్పించండి. అది చట్టం ఇచ్చిన అవకాశం.

ఇంకోటి, బాధితురాలి పేరు. మీ పిటిషన్లలో, మీ వాట్సాప్ గ్రూపుల్లో, ఎక్కడా రాయకండి. ఊరు, బడి పేరు కూడా వద్దు. న్యాయ సంహిత 72వ సెక్షను మీకూ వర్తిస్తుంది. టీవీ వాళ్లు గేటు దగ్గర మైకు పెడితే నడిచి వెళ్లిపోండి.

శిక్ష పడిందనుకోండి. తీర్పు కాపీ అతనికి అదే రోజు ఉచితంగా ఇవ్వాలి, ఇప్పించండి. హైకోర్టుకి అప్పీలు గడువు 60 రోజులు, ఉరి అయితే 30. లాయరుని పెట్టుకోలేకపోతే హైకోర్టు న్యాయసేవల కమిటీకి అర్జీ జైలు నుంచే పంపించవచ్చు, దాని మీద అతని సంతకం తీసుకుని మీరే పంపండి. దాంతోపాటు డిపోజిషన్లు, మార్కయిన ఎగ్జిబిట్లు, మీ తేదీల కాగితం కూడా జత చెయ్యండి. అక్కడ ఎత్తుకునే లాయరు మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండడు, మీ చేతిరాతే ఆయనకి దిక్కు.